కాన్‌స్టిట్యూషన్ జలప్రవేశం: 1:96 నమూనా, ప్రాజెక్టు డైరీ

జనవరి, రెండో వారం

ఈసారి చేస్తున్నది యూఎస్ఎస్ కాన్‌స్టిట్యూషన్ అనే పాత అమెరికా యుద్ధనౌక నమూనా. తెరచాపలన్నీ ఎత్తి సముద్రం మీద పరుగెత్తే ఓడగా దీన్ని చేసినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, బ్రహ్మాండంగా చేశారు. నాకు కావలసింది దానికంటే ముందు ఘట్టం. 1797 సెప్టెంబరు, బోస్టన్‌లో ఎడ్మండ్ హార్ట్ యార్డు. ఇంకా స్తంభాలు నిలబెట్టలేదు, ఫిరంగులు ఎక్కించలేదు, ఒక్కసారి కూడా నీళ్ళు తగల్లేదు. ఒడ్డున ఏటవాలుగా పేర్చిన దిమ్మల మీద భారీ హల్, అంటే ఓడ ఒళ్ళు, ఒక్కటే కూర్చుని ఉంది.

ఇంకో షరతు పెట్టుకున్నాను. స్లిప్‌వే, అంటే ఓడని నీళ్ళలోకి జార్చే వాలు, బొమ్మలా ఉంటే చాలదు, నిజంగా పనిచెయ్యాలి. ఆపుడు కర్ర తీస్తే హల్ జారి నీళ్ళలోకి పోవాలి. అన్నీ కుదిరాక డయోరమాగా, అంటే కదలని దృశ్యంగా, అతికించేస్తాను, కానీ అంతకుముందు అప్పటి వాళ్ళు పడ్డ ఇబ్బంది ఏమిటో చేత్తో పట్టుకుని చూడాలని ఉంది.

ఇబ్బంది అన్నది ఊరికే కాదు. ఈ ఓడ మొదటి ముహూర్తానికి కదిలి, ఆగిపోయింది. అమెరికా అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ వచ్చాడు, జనం విరగబడ్డారు. ఓడ 27 అడుగులు జారి నిలబడిపోయింది. అది సెప్టెంబరు 20. రెండు రోజులాగి మళ్ళీ ప్రయత్నిస్తే ఇంకో 31 అడుగులు వెళ్ళి మళ్ళీ ఆగింది. చివరికి నీళ్ళలోకి దిగింది అక్టోబరు 21న. ఆ మధ్యలో నెల రోజులు అంత పెద్ద యుద్ధనౌక ఊరందరి కళ్ళ ముందు పట్టాల మీద అలా ఇరుక్కుని ఉంది. ఈ ఓడ గురించి ఎంత చదివినా నా మనసు అక్కడికే పోతుంది.

కొలతలు: మొత్తం పొడవు 204 అడుగులు, 1:96లో, అంటే 96వ వంతుకి తగ్గిస్తే, 25.5 అంగుళాలు. వెడల్పు 43 అడుగుల 6 అంగుళాలు, అంటే మనకి 138 మిల్లీమీటర్లు. బేస్‌మెంట్ బల్ల మీద సరిపోతుంది.

జనవరి, చివరి వారం

హల్ అడ్డుకోతల ప్లైవుడ్ ముక్కలు కోశాను. నేవీవాళ్ళ నక్షాలు దొరుకుతాయి కానీ అవి ఇప్పుడున్న ఓడవి. 1797 నాటి రూపానికి రావాలంటే ముక్కు భాగం దగ్గర చాలా మార్చాలి.

ఓడ పుట్టుక రెండు ముక్కల్లో చెప్తాను. మధ్యధరా సముద్రంలో అల్జీర్స్ వాళ్ళు అమెరికా వర్తక నౌకల్ని పట్టుకుపోతుంటే, 1794 మార్చి 27న ఆరు ఫ్రిగేట్లు (వేగంగా పోయే యుద్ధనౌకలు) కట్టడానికి చట్టం చేశారు. డిజైను ఫిలడెల్ఫియాకి చెందిన జోషువా హంఫ్రీస్‌ది. 1796లో అల్జీర్స్‌తో సంధి కుదిరేసరికి పని ఆగి, మూడింటిని మాత్రం పూర్తి చెయ్యనిచ్చారు: ఫిలడెల్ఫియాలో యునైటెడ్ స్టేట్స్, బాల్టిమోర్‌లో కాన్‌స్టెలేషన్, బోస్టన్‌లో ఇది. బోస్టన్‌లో కట్టించిన మేస్త్రీ కర్నల్ జార్జి క్లాగ్‌హార్న్. ఈ డైరీలో ఆయన పేరు చాలాసార్లు వస్తుంది.

హంఫ్రీస్ ధైర్యం చూడండి. మిగతా దేశాల ఫ్రిగేట్ల కంటే పొడవుగా, బరువుగా గీశాడు. పక్కటెముకలకి జార్జియా తీరంలో దొరికే లైవ్ ఓక్ చెక్క వాడాడు, దాని గట్టిదనానికి గొడ్డళ్ళు మొండిబారేవి. రెండు పక్కటెముకల మధ్య సందు రెండు అంగుళాలే. లోపలా బయటా వైట్ ఓక్ పలకలు. మూడు పొరలూ కలిపితే కొన్నిచోట్ల 21 అంగుళాల మందం. 1812లో ఫిరంగి గుండ్లు తగిలి ఎగిరిపడుతుంటే నావికులు ‘ఓల్డ్ ఐరన్‌సైడ్స్’ (ఇనప గోడల ఓడ) అని పేరు పెట్టింది ఈ గోడల్ని చూసే.

ఆ మందమంతా బరువే. సముద్రం మీద కాపాడిన బరువే స్లిప్‌వే మీద సమస్య అయింది.

ఫిబ్రవరి, మొదటి వారం

ముక్కు మీద ఉండే విగ్రహంతో ఈ వారం గడిచింది. ఇప్పుడు బోస్టన్‌లోని చార్లెస్‌టౌన్‌లో ఓడ చూడ్డానికి వెళ్తే ముక్కు మీద చుట్టలు తిరిగిన చెక్కడం మాత్రమే కనిపిస్తుంది. మొదట్లో అక్కడ హెర్క్యులిస్ ఉండేవాడు. ఊహ ఫిలడెల్ఫియా శిల్పి విలియం రష్‌ది, చెక్కింది బోస్టన్‌లో స్కిలిన్ సోదరులు. 1804లో ట్రిపోలీ దగ్గర ప్రెసిడెంట్ అనే తోటి నౌక వచ్చి గుద్దుకోవడంతో ఆ విగ్రహం పోయింది.

హెర్క్యులిస్ బండ మీద నిలబడి ఉంటాడు, ఒక చేతిలో చుట్టిన కాగితం. ఆ కాగితమే రాజ్యాంగం. ఓడ పేరే అది కదా. నా హెర్క్యులిస్ 25 మిల్లీమీటర్లు, బాక్స్‌వుడ్. కండలు చెక్కడం కంటే ఆ కాగితం చుట్ట చెక్కడం కష్టమైంది. అగ్గిపుల్ల కంటే సన్నగా ఉండాలి, చివర విప్పుకున్నట్టు ఒక మడత కనిపించాలి. కత్తి పోటు కాస్త ఎక్కువైతే చుట్ట మణికట్టు దగ్గర ఊడిపోతుంది. చెక్క ఈనె చేతి పొడవునా వెళ్ళేలా ముక్కని తిప్పి పెట్టాక నిలిచింది. భూతద్దంలో చూస్తే ఇప్పుడు నిజంగా ఏదో పట్టుకుని చూపిస్తున్నట్టే ఉంది.

ఫిబ్రవరి, మూడో వారం

హల్ పలకలు వెయ్యడం అయింది. లోపల ఎపాక్సీ రెండు పూతలు. పలకలు వెయ్యడం గురించి రాయను, అన్ని ఓడలకీ ఒకటే.

స్లిప్‌వే గురించి మాత్రం వివరంగా రాస్తాను. జలప్రవేశం అనగానే అందరికీ సీసా పగలగొట్టడం, కొబ్బరికాయ కొట్టడం, బ్యాండు మోగడం గుర్తొస్తాయి. నిజానికి ఆ రోజు జరిగేది బరువు చేతులు మారడం. ఏళ్ళ తరబడి దిమ్మలు మోసిన బరువుని ముందు క్రేడిల్ అనే చెక్క తొట్టెల మీదకి మార్చాలి, క్రేడిల్ నుంచి జారే పట్టాల మీదకి, అక్కణ్ణుంచి నీళ్ళ మీదకి. చివరి మార్పు క్షణాల్లో అయిపోతుంది.

పద్ధతి ఇదీ. ఓడ కట్టినన్నాళ్ళూ కీల్ (ఓడ అడుగున పొడవునా ఉండే దూలం) కింద వరసగా చెక్క దిమ్మలుంటాయి. పక్కలకి ఊతకర్రలు. జలప్రవేశం దగ్గర పడ్డాక కీల్‌కి రెండు వైపులా నీళ్ళ దాకా కింది పట్టాలు పరుస్తారు. వాటి మీద మందంగా పశువుల కొవ్వు, సబ్బు పూస్తారు. దాని మీద పై పట్టాలు. పై పట్టాల మీద హల్ ఒంపుకి సరిగ్గా అతికేలా చెక్కలు పేర్చి క్రేడిల్ కడతారు. తర్వాత పై పట్టాలకీ క్రేడిల్‌కీ మధ్య చెక్క వెడ్జీలు పెట్టి, రెండు వైపులా మనుషులు వరసగా నిలబడి, ఒక్క పిలుపుకి అందరూ ఒకేసారి సుత్తి వేస్తారు. హల్ వెంట్రుకవాసి లేస్తుంది. అప్పుడు కీల్ కింద దిమ్మల్ని ఒక్కొక్కటే పగలగొట్టి తీసేస్తారు. ఆఖరికి బరువంతా కొవ్వు పూసిన పట్టాల మీద, దాన్ని పట్టి ఉంచేది రెండే ఆపుడు కర్రలు. అవి పడగొడితే ఓడ వెనక భాగం ముందుగా నీళ్ళలోకి పోతుంది.

ఓడ కింద దూరి ఆ దిమ్మలు తీసే వడ్రంగుల్ని తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఉత్సవం చూడ్డానికి వచ్చినవాళ్ళకి వాళ్ళు కనిపించరు కూడా.

అన్ని ఓడలూ ఇలా జారవు. బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్ ఓడ విక్టరీని ఇంగ్లండులో చాథమ్ దగ్గర డాక్ (నీళ్ళు నింపగలిగే గొయ్యి) లోపలే కట్టారు, 1765 మే 7న డాక్‌లోకి నీళ్ళు వదిలితే తేలి బయటికొచ్చింది. ఆ పద్ధతికి వాలు అక్కర్లేదు. హార్ట్ యార్డులో అలాంటి డాక్ లేదు.

మార్చి, మొదటి వారం

పూత సమస్య. అసలుది వాడాలంటే పశువుల కొవ్వు ఇంట్లోకి తేవాలి. మా అమ్మ ఇక్కడే ఉంది, ఆ మాట నోట్లోంచి రానివ్వలేదు. “ఆ కొవ్వు గడప దాటి లోపలికి రాకూడదు నాన్నా, ఇంకేమన్నా చూసుకో” అంది. నాకూ తేవాలని లేదు.

కొబ్బరి నూనెతో మొదలుపెట్టాను. మసాచుసెట్స్ మార్చిలో బేస్‌మెంట్ చలికి కొబ్బరి నూనె రాయిలా గడ్డకట్టే ఉంటుంది, 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బరువు తగలగానే నలిగి పక్కలకి వచ్చేసింది. మొక్కల నుంచి తీసిన స్టియరిన్ మైనం, కాస్త మెత్తటి సబ్బు, పైన కొబ్బరి నూనె పలచటి పొర. ఇది నిలబడింది. కింద గట్టి పొర బరువు మోస్తుంది, పైన మెత్తటి పొర జారనిస్తుంది. అప్పటి యార్డుల్లో కూడా రెండు పనులకీ రెండు పొరలు పూసేవారు. చలి వల్ల పూత బిగిసిపోతుందనీ, ఎండకి కారిపోతుందనీ వాళ్ళకి బాగా తెలుసు.

ఒక విషయం చేత్తో చేస్తే తప్ప ఒంటికి పట్టలేదు. హల్‌ని పట్టాల మీద పెట్టిన వెంటనే వదిలితే చక్కగా జారుతుంది. అదే రాత్రంతా అలా ఉంచి పొద్దున్న వదిలితే కదలదు. బరువు కింద పూత నలిగి బయటికొచ్చేసి చెక్కకి చెక్క తగులుకుంటుంది. ఆగిపోయిన ఓడని మళ్ళీ కదిలించడం మొదటిసారి కదిలించడం కంటే ఎందుకు కష్టమో దీంతో తెలుస్తుంది. క్లాగ్‌హార్న్ సెప్టెంబరు 22న చేస్తున్నది ఆ పనే.

మార్చి, మూడో వారం

బాబాయికి ఫోన్ చేశాను. విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాడు, ఉండేది గాజువాక. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా జల ఉష నీళ్ళలోకి దిగిన యార్డు అదే, అప్పట్లో సింధియా కంపెనీది. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ. ఆ సంగతి బాబాయి ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే చెప్తాడు.

“బాబాయ్, పట్టాలకి ఏం పూస్తే బాగా జారుతుంది?”

“పూత సంగతి తర్వాత చూద్దువుగాని. ముందు నేల గట్టిదో కాదో చూసుకున్నావేట్రా? నువ్వెంత వాలు లెక్కేసినా నేల కుంగిందంటే నీ లెక్క కూడా కుంగినట్టే.”

“ముహూర్తం ఎలా పెట్టేవారు?”

“పంతులుగారు చెప్పీవోరు. పోటు టేబులు చూసి మేం ఖాయం చేసీవోళ్ళం.”

ఈ రెండు మాటలతో నాకు ప్రాజెక్టులో మిగిలిన పనంతా దొరికింది.

మార్చి, చివరి రోజులు

ముందు పోటు సంగతి. బోస్టన్ రేవులో ఆటుకీ పోటుకీ తేడా సగటున పది అడుగులకి కాస్త తక్కువ. నా స్కేల్లో 30 మిల్లీమీటర్లు. మన విశాఖలో ఇందులో సగం కూడా ఉండదు. ప్లైవుడ్ తొట్టి చేసి, లోపల చెరువుల కింద పరిచే రబ్బరు షీటు వేసి, పక్కన చిన్న కుళాయి పెట్టాను. నీటి మట్టం మిల్లీమీటర్ల లెక్కన పెంచొచ్చు, తగ్గించొచ్చు.

అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ పొంగుతుందని సముద్రం పక్కన పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కుతూహలం కొద్దీ 1797 తేదీలకి చంద్రుడి లెక్క వేశాను. సెప్టెంబరు 20 సరిగ్గా అమావాస్య దరిదాపుల్లో పడింది. అక్టోబరు 21 కూడా అంతే. మన పంచాంగం ప్రకారం చూస్తే మొదటి ప్రయత్నం మహాలయ అమావాస్య రోజుల్లో, ఓడ నీళ్ళలోకి దిగింది దీపావళి అమావాస్య రోజుల్లో! బోస్టన్‌లో ఎవరికీ ఆ ఊసు ఉండి ఉండదు. కానీ నెల రోజులు ఎందుకు ఆగారో ఇందులో ఉంది. నీళ్ళు ఎంత పైకి వస్తే ఓడ పట్టాల మీద అంత తక్కువ దూరం జారితే సరిపోతుంది, వెనక భాగాన్ని నీళ్ళు అంత తొందరగా ఎత్తుకుంటాయి.

ఏప్రిల్, మొదటి వారం

ఇక వాలు. ఇది ఈ ప్రాజెక్టుకి గుండె.

ఓడ ఎంత బరువుంటే అంత బాగా జారుతుందనుకుంటాం. అలా జరగదు. బరువు పెరిగితే కిందికి లాగే బలం పెరుగుతుంది, రాపిడి కూడా అదే పాళ్ళలో పెరుగుతుంది. తేల్చేది వాలు, పూత, ఈ రెండే. వాలు చాలకపోతే ఎంత పెద్ద ఓడైనా కూర్చుని చూస్తుంది. ఎక్కువైతే ఎవరూ ఆపలేరు.

ఎక్కువైతే ఏమవుతుందో ఆ ఏడాదే తెలిసొచ్చింది. 1797 మే 10న ఫిలడెల్ఫియాలో యునైటెడ్ స్టేట్స్ ఓడని దింపినప్పుడు పట్టాల వాలు మరీ ఎక్కువై, అనుకున్నదానికంటే ముందే, వేగంగా దూసుకుపోయింది. అడుగు భాగం దెబ్బతింది. ఆ కబురు క్లాగ్‌హార్న్‌కి చేరింది. అందుకని బోస్టన్‌లో వాలు తగ్గించి పెట్టాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. మూడేళ్ళ శ్రమ, దేశం డబ్బు, కింద మనుషులు. జాగ్రత్త పడడంలో తప్పేముంది?

జాగ్రత్తకి తోడు నేల కలిసింది. ఓడ కదిలి ముందుకొచ్చాక, అంతకుముందు ఎప్పుడూ బరువు పడని పట్టాల భాగం దాదాపు అర అంగుళం కుంగిందని క్లాగ్‌హార్న్ పైవాళ్ళకి రాశాడు. అర అంగుళం! రెండు వందల అడుగుల ఓడ కింద అర అంగుళం.

నా స్కేల్లో ఆ అర అంగుళం 0.13 మిల్లీమీటరు. ప్రింటరు కాగితం మందం కంటే రవ్వంత ఎక్కువ. నమ్మబుద్ధి కాలేదు, అందుకే చేసి చూశాను.

పట్టాల కింద సీసపు దిమ్మ పెట్టి, తల దగ్గర స్క్రూతో వాలు మార్చుకునేలా ఏర్పాటు చేశాను. హల్‌లో సీసపు గుళ్ళు పోసి బరువు 1.3 కిలోలకి తెచ్చాను. ఓడ పూర్తి బరువుని స్కేలుకి తగ్గిస్తే రెండున్నర కిలోలు వస్తుంది. స్తంభాలు, ఫిరంగులు, గుళ్ళు, నీళ్ళ పీపాలు లేని హల్ కాబట్టి సగానికి కాస్త ఎక్కువని నేను పెట్టుకున్న అంచనా ఇది. వాలు కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్ళి, హల్ తనంతట తాను కదిలే చోట ఆపి, ఇంకో వెంట్రుకవాసి పెంచాను. ఆ వాలు దగ్గర ఆపుడు కర్ర తీస్తే హల్ నిదానంగా, గౌరవంగా తొట్టిలోకి దిగుతుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో!

ఇప్పుడు పట్టాల కింది సగానికి కింద ఉన్న గట్టి చెక్క తీసి, పలచటి కార్కు షీటు పెట్టాను. వేలితో నొక్కితే కుంగినట్టు కూడా తెలియదు. డయల్ గేజి పెట్టి చూస్తే హల్ బరువుకి 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు కుంగుతోంది.

హల్ వదిలాను. కదిలింది, జారింది, నెమ్మదించింది, ఆగింది. 27 అడుగులకి గుర్తుగా పట్టా మీద 86 మిల్లీమీటర్ల దగ్గర పెన్సిల్ గీత పెట్టుకున్నాను. ఆగింది ఆ గీతకి కొంచెం ఇవతల. మళ్ళీ మళ్ళీ చేస్తే కొన్నిసార్లు గీత దాటింది, కొన్నిసార్లు ముందే ఆగింది, నీళ్ళ దాకా మాత్రం ఒక్కసారీ రాలేదు.

దీంతో చరిత్రని రుజువు చేశానని అనను. పూత మందం స్కేలుకి తగ్గదు, కార్కు బోస్టన్ ఒడ్డున ఉన్న నేల కాదు. కానీ తక్కువ వాలు మీద ఓడ ఎంత సన్నటి అంచు మీద ప్రయాణిస్తుందో, కాగితం మందం తేడా దాన్ని ఎలా ఆపేస్తుందో చేతికి తెలిసింది. కుంగడమంటే లోతు పోవడం ఒక్కటే కాదు. కుంగిన గుంట అవతలి అంచు ఎదురు వాలు అవుతుంది. ఓడ ఆ కాస్త ఎత్తు ఎక్కాలి, ఎక్కే వేగం దానికి లేదు.

ఏప్రిల్, మూడో వారం

పిల్లలకి చూపించడానికి ఇంకో హల్ చేశాను. గోడల్లో పెట్టే గులాబీ రంగు ఫోమ్‌ని హల్ ఆకారంలో కోసి, అడ్డంగా ముక్కలు చేసి, కింద సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద అతికించాను. ఇది వంగుతుంది. పట్టాల చివర దాటించి కొంత బయటికి పెడితే వెనక భాగం వాలిపోతుంది, పైన ముక్కల మధ్య సందులు విచ్చుకుంటాయి. ఓడవాళ్ళు దీన్ని హాగింగ్ అంటారు. నడుము పైకి లేచి, రెండు చివర్లూ కిందికి వాలడం.

సగం దారిలో ఆగిన ఓడకి ఈ భయం ఉంటుంది. ఏ భాగం కింద ఆధారం తగ్గినా కీల్ వంగుతుంది, ఒకసారి వంగిన కీల్ పూర్తిగా తిన్నగా అవదు. ఓడ నీళ్ళలో ఉన్నా ఇది ఆగదు. ముక్కూ వెనకా సన్నగా ఉంటాయి కాబట్టి నీళ్ళు వాటిని నడుముని మోసినంతగా మొయ్యవు. ఇది ఎరిగే హంఫ్రీస్ లోపల ఏటవాలుగా పెద్ద పెద్ద దూలాలు పెట్టించాడు. తర్వాతి మరమ్మతుల్లో అవి తీసేశారు. 1992లో నీళ్ళు తోడేసిన డ్రైడాక్‌లో పెట్టి చూస్తే కీల్ 13 అంగుళాలకి పైగా వంగి ఉంది. ఆ మరమ్మతులో దిమ్మల మీద నెమ్మదిగా కూర్చోబెట్టి వంపు తీసి, హంఫ్రీస్ దూలాలు మళ్ళీ పెట్టారు. 1997 జులై 21న ఓడ తన తెరచాపలతో తాను ప్రయాణం చేసింది, 116 ఏళ్ళ తర్వాత. హంఫ్రీస్ లెక్క ఎంత గట్టిదో ఆ రోజు మళ్ళీ తేలింది. నాకు ఆయన మీద గౌరవం ఇక్కడే రెట్టింపైంది.

మే, మొదటి వారం

అక్టోబరు 21కి కావలసిన ఏర్పాటు ఇప్పుడు తొట్టి మీద ఉంది. కార్కు తీసేశాను, పట్టాల కింద గట్టి దిమ్మలు వచ్చాయి, తల దగ్గర స్క్రూ పెంచి వాలు పెంచాను, నీటి మట్టం పోటుకి పెట్టాను. ఆపుడు కర్ర పడగొట్టగానే హల్ ఏ అనుమానం లేకుండా వెళ్ళింది. వెనక భాగం నీళ్ళలోకి దూరి ఒక్క క్షణం మునిగినట్టు అనిపించి పైకి లేచింది. అది లేచిన క్షణంలో మిగిలిన బరువంతా ముక్కు దగ్గరి క్రేడిల్ మీద పడుతుంది. నా క్రేడిల్ ముందు చెక్కల మీద పూత ఆ ఒక్కచోట పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది, చెక్క నిగనిగలాడుతోంది. అసలు యార్డుల్లో ముక్కు దగ్గర అంత బలంగా ఎందుకు కట్టేవారో ఆ మచ్చ చూపిస్తోంది.

అసలు రోజున కెప్టెన్ జేమ్స్ సీవర్ మదీరా వైను సీసా ఓడ ముక్కు దూలం మొదట్లో కొట్టి పేరు పెట్టాడు. మా ఇంట్లో మా అమ్మ కొబ్బరికాయ కొట్టింది, ఫోన్లో బాబాయి చూశాడు. “నీళ్ళు లోపలికి రాలేదు కదా?” అన్నదే ఆయన అడిగిన మొదటి ప్రశ్న.

మన దేశానికి ఈ ఓడతో ఒక లంకె ఉంది, ఇక్కడ రాసుకోవాలి. 1812 డిసెంబరు 29న బ్రెజిల్ తీరం దగ్గర కాన్‌స్టిట్యూషన్ బ్రిటిష్ వాళ్ళ జావా ఓడని ఓడించింది. జావా బొంబాయి వెళ్తోంది. బొంబాయిలో కట్టబోయే యుద్ధనౌకల నక్షాలు అందులో ఉన్నాయి, అవి పోయాయి. ట్రింకోమలీ అనే ఫ్రిగేట్ కోసం మళ్ళీ నక్షాలు పంపాల్సి వచ్చింది. 1816లో బొంబాయి ఓడల మేస్త్రీ జంషెట్జీ బొమన్‌జీ వాడియా పార్సీ సంప్రదాయం ప్రకారం దాని కీల్‌లో వెండి మేకు దిగ్గొట్టి పని మొదలుపెట్టాడు, 1817 అక్టోబరు 12న జలప్రవేశం చేయించాడు. మన టేకుతో కట్టిన ఆ ఓడ ఈ రోజుకీ ఇంగ్లండులో హార్ట్‌ల్‌పూల్ దగ్గర నీళ్ళ మీద ఉంది. రెండు ఓడలూ బతికే ఉన్నాయి. తర్వాత చెయ్యబోయే నమూనా ఏదో వేరే చెప్పక్కర్లేదు.

మే, చివరి వారం

డయోరమాలో ఏ క్షణాన్ని అతికించాలన్న నిర్ణయం అయింది. ఇంట్లో అందరూ అక్టోబరు 21 పెట్టమన్నారు. జెండాలు, జనం, నురగ. నేను సెప్టెంబరు 22 సాయంత్రం పెడుతున్నాను. 27, 31 కలిపి 58 అడుగులు, అంటే 184 మిల్లీమీటర్లు జారి ఆగిన ఓడ. ఉత్సవం చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, పనివాళ్ళు మిగిలారు. ఈ ఓడ రెండు వందల ఏళ్ళకి పైగా నిలవడానికి కారణమైన పని ఆ రోజు నుంచి జరిగిన నెలలో ఉంది. తొందరపడి గుంజకుండా, నేల బాగు చేసి, వాలు సరిచేసి, పోటు కోసం ఆగారు. క్లాగ్‌హార్న్‌ని చాలామంది ఓడ ఆగిపోయినందుకు గుర్తు పెట్టుకుంటారు. దాన్ని చెడకుండా కాపాడి దింపినందుకు గుర్తు పెట్టుకోవాలని నాకు ఉంది, డయోరమా అందుకే.

హార్ట్ యార్డు ఉన్న చోట ఇప్పుడు కోస్ట్ గార్డ్ స్థావరం ఉంది. నేల రంగు కోసం ఆ పక్క ఒడ్డునే నడిచి, ఆటు సమయంలో బయటపడే బురద ఫొటోలు తీసుకొచ్చాను. ఊహించినదానికంటే నలుపు ఎక్కువ, పచ్చదనం రాళ్ళ మీద మాత్రమే.

మిగిలిన పని: పట్టాల కింది సగం దగ్గర కుంగిన దిమ్మలు, పక్కనే ఇంకా చెక్కని కొత్త దూలాలు. 18 మిల్లీమీటర్ల మనుషులు, అందరూ సుత్తులూ గొడ్డళ్ళూ పట్టుకున్నవాళ్ళే. తొట్టిలో అసలు నీళ్ళు తీసేసి రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవం) పొయ్యాలి, రెండు మిల్లీమీటర్ల పొరలుగా, ఒక పొర ఆరాకే ఇంకోటి. పట్టాలకి పూసిన మైనం రెజిన్‌కి పడదు, ముందు అదంతా స్పిరిట్‌తో తుడిచి, పూత రంగు వార్నిష్‌తో తేవాలి. ఈ శనివారం పని అది.